9 రూపాయల చీర పెడితే జనం ఎగబడతారా, మొహం చాటేస్తారా? (నెల్లూరులో కొత్త బట్టల షాపు)

ట్రంకురోడ్డు_సందు:
అన్నలకి, అక్కలకి నమస్తే. నెల్లూరు ట్రంకురోడ్డుకి ఆనుకోనుండే సందులో శ్రావణమాసంలో చీరలు, రెడీమేడ్ షాపు తెరవబోతున్నాం. 900 చదరపు అడుగులు, ఒకటే ఫ్లోరు. షట్టరు 10 అడుగులున్నా లోపలికి పోయే గాజు తలుపు 4 అడుగులే. బిల్లింగు కౌంటర్లు మూడు. ఓపెనింగు ప్రచారానికి లక్షన్నర పక్కన పెట్టుకున్నాం.

ప్లాను ఇదీ: మొదట వచ్చే 200 మందికి 9 రూపాయలకే చీర. ఆ చీర మాకు 180 పడుతుంది. ఫ్లెక్సీలు, పేపర్లో పెట్టే పాంప్లెట్లు, రెండ్రోజులు మైకు ఆటో.

భయం రెండువైపులా ఉంది. రాకపోతే మొదటిరోజే పరువు పాయె. విరగబడి వస్తే ఆ సందులో ఏం జరుగుద్దో తెలీదు. అదే ఆఫరుకి ఒక ఊళ్ళో తోపులాట, ఇంకో ఊళ్ళో ఈగలు. జనం ఎప్పుడు ఎట్లా చేస్తారో ముందే పసిగట్టే దారేమైనా ఉందా? లేకపోతే ఏం జాగ్రత్త పడాలి?

కాకిలెక్క:
ముందు డబ్బు లెక్క తేల్చుకో అబ్బయ్యా, జనం సంగతి తర్వాత. 180 చీర 9కి ఇస్తే చీరకి 171 పోతాది. 200 చీరలకి 34,200. ఇది పోవడం ఖాయం. వచ్చేదేంది?

9 రూపాయల చీరకి వచ్చే మనిషి వేరు, నీ దగ్గర పెళ్లిబట్టలు తీసే మనిషి వేరు. తెల్లవారి ఐదింటికొచ్చి నిలబడగలిగిన వాళ్లే లైన్లో ముందుంటారు. ఒక ఇంటినుంచి నలుగురు విడివిడిగా నిలబడతారు, కాబట్టి 200 చీరలంటే 200 ఇళ్లు కాదు. చీర చేతికందగానే రెండో రాక్ వైపు కూడా చూడరు. నిజంగా కొనేవాళ్లు ఆ రద్దీ చూసి రోడ్డు మీంచే వెనక్కి తిరుగుతారు. ఓపెనింగు రోజు అమ్మకం చచ్చేది ఆడే.

అదే 34,200ని తిప్పి పెట్టు. 1,500 పైన బిల్లు చేసినోళ్లకి ఆ 180 చీర ఉచితం. 34,200ని 180తో భాగిస్తే 190 మంది. 190 బిల్లులు కనీసం 1,500 చొప్పున 2,85,000 అమ్మకం. పాతిక శాతం మార్జిను వేసుకున్నా 71,250. చీరల ఖర్చు తీసేస్తే 37,050 చేతిలో ఉంటాది. జనం రాలేదా, చీరలు నీ గోడౌన్లోనే ఉంటాయి. మొదటి ప్లానులో నష్టం ముందే రాసి పెట్టుంది, లాభం గాల్లో ఉంది. ఇందులో ఖర్చు అమ్మకం వెంటే నడుస్తాది.

కౌంటర్ల సంగతి ఇంకా ముఖ్యం. ఒక బిల్లుకి చీర మడత పెట్టడం, బార్‌కోడు, ఫోన్‌పే డబ్బా మోగిందాకా ఆగడం, సంచిలో వెయ్యడం, మొత్తం రెండున్నర నిమిషాలు. కౌంటరుకి గంటకి 24, మూడింటికి 72. ఒకేసారి 300 మంది వస్తే ఆఖరి మనిషి చేతికి సంచి అందేదానికి నాలుగు గంటల పైన పడతాది. ఒకే చోట అంతమంది ఫోన్లు పట్టుకోనుంటే సిగ్నలు మందగించి యూపీఐ తిరుగుతానే ఉంటాది, రెండున్నర కాస్తా నాలుగు నిమిషాలు అవద్ది. కాబట్టి కౌంటర్లకి వైరు బ్రాడ్‌బ్యాండు లాగించి, కస్టమరు ఫోనుకి పనికొచ్చేట్టు వైఫై పాస్‌వర్డు గోడకి అంటించు.

ఇంకొకటి. 9 రూపాయలంటే ఎక్కువమంది 10 నోటే ఇస్తారు. రూపాయి బిళ్లలు 200 ఉన్నాయా నీ గల్లాపెట్టెలో? చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెడితే మొదటి గొడవ రూపాయి దగ్గరే మొదలు.

దర్గామిట్ట_దారి:
ముందే పసిగట్టడం ఎందుకు కుదరదో 1978లో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త లెక్క కట్టి చూపించాడు. దాన్ని మీ సందులోకి తెచ్చి చెప్తా.

షాపు ముందు వందమంది నిలబడున్నారు. ఒకాయన ఎవరున్నా లేకున్నా లోపలికొస్తాడు. రెండో మనిషికి లోపల ఒకరు కనపడాలి. మూడో మనిషికి ఇద్దరు. ఇట్లా పోతే వందో మనిషికి తొంభైతొమ్మిది మంది కనపడాలి. ఒకరెనక ఒకరు వందమందీ వచ్చేస్తారు. ఇప్పుడు ఆ రెండో మనిషిని తీసేసి, ఇద్దరుంటే గానీ రానామెను ఆ చోట పెట్టండి. మొదటాయన వస్తాడు, అంతే, బండి ఆగిపోద్ది. తొంభైతొమ్మిది మంది రోడ్డు మీదే. రెండు గుంపులకీ తేడా ఒక్క మనిషి. ఏ సర్వే చేసినా సగటు తీస్తే ఆ తేడా కంటికానదు. ఒక ఊళ్ళో తోపులాట, ఇంకో ఊళ్ళో ఈగలు అన్నారే, రెండు ఊళ్ల జనం వేరని మనం అనుకుంటాం. వేరైంది ఒక్కరే కావచ్చు.

చేసుకోవాల్సింది మొదటి గంట. ఉదయం తొమ్మిదిన్నరకి ఇరవై మంది లోపలుండాలి. డబ్బులిచ్చి తెచ్చిన మనుషులు వద్దు, చూడంగానే తెలిసిపోద్ది. చుట్టుపక్కల బ్లౌజులు కుట్టే టైలర్లని, మగ్గం వర్కు చేసే ఆడవాళ్లని ముందురోజు ఇంటికెళ్లి పిలవండి. లైనింగు గుడ్డ, ఫాల్స్, బ్లౌజు పీసులు వాళ్లకి ఎట్లాగూ కావాలి. పది శాతం తగ్గింపుతో ఖాతా తెరవండి. పట్టుచీర ఎక్కడ తియ్యాలో అడిగేది వాళ్లనే కదా. షాపంతా ఒకేసారి తెరవకుండా వెనక మూడోవంతు తెర కట్టి ఉంచితే ఇరవై మందే నిండుగా కనిపిస్తారు.

సరుకు దగ్గర కూడా ఇదే సూత్రం. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు ఒక ప్రయోగం అచ్చు వేశారు. 48 కొత్త పాటలు, 14,341 మంది శ్రోతలు. ఒక గుంపుకి ఎవరేం డౌన్‌లోడు చేసుకున్నారో కనపడదు. మిగతావాళ్లని ఎనిమిది గుంపులు చేసి, ఏ గుంపుకి ఆ గుంపు లెక్క చూపించారు. విడిగా విన్నవాళ్లు 26వ స్థానం ఇచ్చిన పాట ఒక గుంపులో ఒకటో స్థానంలో కూర్చుంది, ఇంకో గుంపులో 40కి జారింది. మరీ మంచివి అడుక్కి పోవడం అరుదు, మరీ చెత్తవి పైకి రావడం అరుదు. నడిమధ్యవాటి తలరాతే ఎవరూ చెప్పలేరు. చీరల్లో ఎక్కువ భాగం ఆ నడిమధ్య సరుకే. ‘ఈ డిజైను ఈ శ్రావణంలో కొట్టేస్తది’ అని ఎవరు చెప్పినా ఒకే డిజైను 240 తెప్పించొద్దు. ఇరవై డిజైన్లు డజను చొప్పున తెప్పించి, ఏది నాలుగు రోజుల్లో ఎనిమిది పోతే దాన్నే మళ్లీ ఆర్డరు పెట్టండి. సూరత్ సరుకు లారీలో వచ్చేదానికి వారం పది రోజులు పోతాయి గనక అయిదోరోజు దాకా ఆలోచిస్తా కూర్చుంటే పండగ దాటిపోద్ది.

మూలపేట_మలుపు:
దర్గామిట్ట అన్న చెప్పిన తెర సంగతి ఒప్పుకోను. ఇరుకు చేసి నిండుగా చూపించడం జనం తక్కువున్న రోజు ముచ్చటగా ఉంటుంది. ఎక్కువైన రోజు అదే తెర ప్రాణం మీదికి తెస్తుంది. 2022 డిసెంబరు 28న కందుకూరు రోడ్‌షోలో ఎనిమిది మంది చనిపోయారు. ఇరుకు దారి, తోపులాట, పక్కన కాలువ. వెనకున్న మనిషికి ముందేం జరుగుతుందో కనపడదు, నెడుతూనే ఉంటాడు. అంతకంటే రహస్యమేం లేదు.

చదరపు మీటరుకి నలుగురు దాటితే మనిషి తన ఇష్టప్రకారం అడుగెయ్యలేడు. అయిదుగురు, ఆరుగురు అయితే గుంపు నీళ్లలాగా ఊగుతుంది. మీ 900 అడుగులు 84 చదరపు మీటర్లు. రాకులు, కౌంటర్లు పోతే నడిచే జాగా 35 మీటర్లు దక్కితే గొప్ప. మీటరుకి ఇద్దరు లెక్కన 70 మంది, సిబ్బందితో కలిపి. తలుపు దగ్గర ఒక మనిషి చేతిలో క్లిక్ కౌంటరు పెట్టుకుని 60 కాగానే ఆపాలి. పది మంది బయటికొస్తే పది మంది లోపలికి.

స్టేడియంలకి బ్రిటన్‌లో వాడే గ్రీన్ గైడు ప్రకారం చదును నేలమీద మీటరు వెడల్పుకి నిమిషానికి 82 మంది బయటికి పోగలరు. మీ 4 అడుగుల తలుపు అంటే 1.2 మీటరు, నిమిషానికి వంద లోపు. బయటికి పోయేదానికి అది చాలు, కానీ ఆ తలుపులోంచే లోపలికి కూడా వస్తుంటే రెండూ ఆగుతాయి. ఆ రోజుకి గాజు తలుపు ఊడబీకించి షట్టరు మొత్తం తెరవండి. నడిమధ్యన బారికేడు, ఎడమన రావడం, కుడిన పోవడం. తెర కట్టేదుంటే లోపల కట్టుకోండి, తలుపు మాత్రం సన్నం చెయ్యొద్దు. వెనక దారి ఉంటే దాని ముందు అట్టపెట్టెలు పేర్చకండి. అందరూ చేసే తప్పు అదే.

9 రూపాయల చీర ఇచ్చే తీరాలని ఉంటే షాపు దగ్గర పంచొద్దు. వారం ముందు వేదాయపాళెం, స్టోన్‌హౌస్‌పేట, బాలాజీనగర్, హరనాథపురం, మూలపేటలో రోజుకో చోట 40 టోకెన్లు ఇవ్వండి. ఇంటికి ఒకటే, ఫోన్ నంబరు రాసుకుని. టోకెను మీద గంట అచ్చు వెయ్యండి: 10 నుంచి 11, 11 నుంచి 12, అట్లా గంటకి 25. ఎనిమిది గంటల్లో 200 అయిపోతాయి. టోకెన్లు అయిపోయాయన్న సంగతి ఫ్లెక్సీ మీద కూడా అంటించాలి, లేకపోతే తెలియనివాళ్లు వస్తూనే ఉంటారు. వంద మందికి కనీసం రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు, షామియానా. స్టేషనులో ముందే కాగితం పెట్టండి, మైకు ఆటోకి కూడా పర్మిషను కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు ఎట్లాగూ కుదరదు.

టోకెన్లకి వరస నంబరు, రెండు రంగుల స్టాంపు తప్పనిసరి. 1992లో ఫిలిప్పీన్స్‌లో పెప్సీ మూతల ఆఫరులో పది లక్షల పెసోల బహుమతి నంబరు 349 అని ప్రకటించాక తేలింది, ఆ నంబరున్న మూతలు ఎనిమిది లక్షలు బయటికి పోయాయని. అల్లర్లు, కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. మీ టోకెన్లని జిరాక్సు తీసేదానికి అయిదు నిమిషాలు చాలు.

ఫారం_అక్క:
చట్టం ముక్క ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు వచ్చాయి. జనాన్ని రప్పించడానికి తక్కువ ధర చూపించి, చెప్పినంత సరుకు పెట్టకపోతే అది ఎర ప్రకటన. 200 అని వేస్తే 200 ఉండాలి. స్టాకు పరిమితమని, ఇంటికొకటేనని చదవగలిగే అక్షరాల్లో వెయ్యాలి. చుక్క గుర్తు పెట్టి ఫ్లెక్సీ అడుగున చీమ తలంత అక్షరాలు పనికిరావు. జరిమానా పది లక్షల దాకా ఉంది, మళ్లీ చేస్తే యాభై.

లక్కీ డ్రా వైపు పోవద్దు. అమ్మకం పెంచుకోవడానికి లాటరీ, డ్రా నడపడం ఆ చట్టంలోనే అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో ఉంది. అందరూ చేస్తున్నారు కదా అంటారు. చేస్తున్నారు.

కలిగిరి_రోడ్డు:
పసిగట్టే దారి ఉందా అని అడిగారు. మన జిల్లాలోనే ఉంది జవాబు. 1990ల మొదట్లో అక్షరాలు నేర్పడానికి రాత్రిబడులు పెట్టారు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన కథ వాచకంలో పాఠమైంది. అది చదివిన పక్కూళ్ల ఆడవాళ్లు మన ఊళ్ళో ఎందుకు మూయించకూడదన్నారు. సర్కారు ఆదాయమేమో సారా వేలంపాటల నుంచి, పాఠం అచ్చు వేసిందీ సర్కారే. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. దాన్ని మార్కెటింగుతో పోల్చడం నాకే నచ్చదు, కానీ ఒకటి చూడండి. పాఠం వాళ్లలో కోపం పుట్టించలేదు. కూలి డబ్బులు సారా కొట్టుకి పోతుంటే ఆ కోపం ఏళ్లుగా ఇంట్లోనే ఉంది. పాఠం దానికి మాట ఇచ్చింది, పక్కామెకు కూడా అదే కోపం ఉందని తెలిపింది.

2021 మేలో కృష్ణపట్నం కరోనా మందుకి పైసా ప్రకటన లేకుండా వేలమంది వచ్చారు, రద్దీ తట్టుకోలేక 21న పంపిణీ ఆపేశారు. అక్కడ నడిపించింది భయం. ఆ రెండిట్లో ఏదీ మీ షాపు సృష్టించగలిగింది కాదు. ఫ్లెక్సీ వేసేవాడు జనం లోపల ఏముందో వినాలి గానీ, తానే ఏదో నింపుతానని అనుకుంటే లక్షన్నర ఆవిరి.

ఒంగోలు_గిత్త:
సగం వింతలు వింతలు కావు, క్యాలెండరు చూసుకోకపోవడం. నెల్లూరు వరి ముఖ్యంగా అక్టోబరు, డిసెంబరు మధ్య నాటి ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా కోస్తారు. ఎడగారు (రెండో పంట) కోత ఆగస్టు, సెప్టెంబరులో, డబ్బు ఆ తర్వాతే. శ్రావణంలో మీరు బుచ్చి, కోవూరు వైపు పల్లెల్లో పాంప్లెట్లు పంచితే చదువుతారు, రారు, చేతిలో ఉండదు. అప్పుడు జీతాల వాళ్లని పట్టండి: నెల 1 నుంచి 10లోపు, వరలక్ష్మీ వ్రతం శుక్రవారానికి ముందు వారం. మాకు ఇట్లాంటి లెక్కే పొగాకుతో ఉంటుంది. టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాలు నడిచే నెలల్లోనే అటు ఊళ్ల కొనుగోళ్లు. నవంబరు వాయుగుండాల్లో ఏ ఆఫరూ పెట్టకండి. మంగళవారం, అమావాస్య ఓపెనింగు ఊసే వద్దు, మీరు నమ్మినా నమ్మకపోయినా కొనేవాళ్లు నమ్ముతారు.

ట్రంకురోడ్డు_సందు:
చాలా థాంక్స్. 9 రూపాయల ప్లాను వదిలేసి బిల్లు మీద చీర పెడుతున్నాం. ఇంకో రెండు డౌట్లు. ఓపెనింగుకి ముందు 500 మందిని ‘ఏ రేటు చీరలు కావాలి’ అని సర్వే చేయిద్దామా? రెండోది, ‘నెల్లూరులోనే చవక’ అని బోర్డు పెడితే ఎట్లుంటుంది?

కాకిలెక్క:
సర్వేకి పెట్టే డబ్బు టీలకి పెట్టుకో. 1985లో కోకాకోలా కొత్త రుచి తెచ్చేముందు దాదాపు రెండు లక్షల మందికి రుచి చూపించింది. ఎక్కువమంది కొత్తదే బాగుందన్నారు. ఏప్రిల్ 23న తెచ్చారు, 79 రోజులకి పాతది మళ్లీ తేవాల్సొచ్చింది. గుక్కెడు తాగి చెప్పిన మాట వేరు, పాతది తీసేశాక జనం చేసింది వేరు. నోటిమాట కాదు, చేతి డబ్బు చూడు. శాంపిళ్లు ముప్పై వాట్సాప్ క్యాటలాగులో పెట్టి, నచ్చిన చీరకి 100 రూపాయలు అడ్వాన్సు తీసుకుని ఓపెనింగు రోజుకి పక్కన పెడతామని చెప్పు. అడ్వాన్సు వెనక్కి ఇస్తామని కూడా రాయి. లైకులు 400 వచ్చి అడ్వాన్సులు 6 వస్తే నిజం 6.

పాంప్లెట్లకి కూడా ఇదే. మూడు ఏరియాలకి మూడు రంగులు, 2,000 చొప్పున, ‘ఇది తెస్తే బ్లౌజు పీసు’ అని. ఎన్ని వెనక్కొచ్చాయో రంగు చూసి లెక్కపెట్టు. ఒక రంగు అసలే రాలేదంటే ఆ ఏరియా జనం మంచోళ్లు కాదని కాదు, కట్ట విప్పనేలేదేమో పేపరేసేవాళ్లని అడుగు.

చవక బోర్డు వద్దు. టాటా నానో 2008లో లక్ష రూపాయల కారని చూపించారు. అన్నిటికంటే చవక కారనే ముద్రే పొరపాటైందని రతన్ టాటానే తర్వాత అన్నాడు. చవకగా కొనాలని అందరికీ ఉంటాది, చవకది కొన్నారని అనిపించుకోవాలని ఎవరికీ ఉండదు. పెళ్లిచూపులకి పెట్టే చీర నీ సంచిలోంచే తీస్తారు. సంచి మీద రేటు మాట, ఆఫరు మాట లేకుండా, షాపు పేరు, ఫోన్ నంబరు, మందంగా ఉన్న బట్ట. ఏడాది పాటు కూరగాయలకి ఆ సంచే తిరుగుద్ది.

దర్గామిట్ట_దారి:
మూలపేట గారు అన్నది సబబే, తలుపు సన్నం చెయ్యకూడదు. ఒప్పుకుంటున్నా.

ఇంకో మాట. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ చూడండి. స్వర్ణాల చెరువులో నిలబడి కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్లు మళ్లీ ఏడాది రొట్టె తెచ్చి ఇస్తారు. పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, చదువు రొట్టె ఉండేవి. తర్వాత సొంతింటి రొట్టె, విదేశాలకి పోయేవాళ్లకి వీసా రొట్టె జనమే పుట్టించారు. పేరు పెట్టే జాగా జనానికి వదిలారు, తీసుకున్నవాళ్లు ఇచ్చేవాళ్లుగా తిరిగొస్తారు. మొక్కుని వ్యాపారంతో కలపమని కాదు, ఆ ఆకారం చూడమంటున్నా. మొహర్రంతో పాటు అది ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది, ఆ వారం బయటూళ్ల వాళ్లు లక్షల్లో వస్తారు గనక స్టాకు లెక్కలో కూడా రాసుకోండి.

మీరు చేయగలిగింది: బిల్లుకి రెండు కార్డులు ఇవ్వండి. కార్డు కొన్నామెకి పనికిరాదు, ఆమె ఇచ్చినవాళ్లకే పనికొస్తుంది. 1,500 బిల్లు మీద 150 తగ్గింపు, 45 రోజులు. ‘ఎవరికి, ఎందుకు’ అని ఒక గీత ఖాళీగా వదలండి. చెల్లెలి సీమంతానికి, వదినకి ఉద్యోగం వచ్చిందని, ఏది రాస్తారో రాయనివ్వండి. తిరిగొచ్చిన కార్డుల మీద ఆ గీత చదివితే వచ్చే నెల ఏం సరుకు తేవాలో మీకే తెలుస్తుంది. ఇచ్చినామెకి ఫోన్ చేసి ‘మీవాళ్లొచ్చారు, మీ బ్లౌజు పీసు ఇక్కడుంది’ అని చెప్పండి, ఆమె రెండోసారి వస్తుంది.

చెడేది ఎక్కడంటే, సేల్స్ కుర్రాళ్లు మిగిలిన కార్డులు జేబులో పెట్టుకుని, కార్డు లేని కస్టమరు దగ్గర పూర్తి డబ్బు తీసుకుని, బిల్లులో కార్డు వాడినట్టు కొట్టి 150 మిగుల్చుకుంటారు. అందుకని కార్డు మీద ఇచ్చినామె బిల్లు నంబరు చేత్తో రాయాలి, కౌంటర్లో ‘ఎవరిచ్చారమ్మా’ అని పేరడిగి సరిపోతేనే తగ్గింపు కొట్టాలి. సాయంత్రం గల్లా మూసేటప్పుడు వాడిన కార్డులు లెక్కపెట్టి బిల్లులతో కలపండి. ఒక్కటి తక్కువున్నా ఆ రాత్రే అడగండి, తెల్లారితే ఎవరికీ గుర్తుండదు.